పువొలుక్క ఏరుకోవడం ఎలా, దాంతో పచ్చడి చేయడం ఎలా

ఫిన్లాండ్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు సెప్టెంబరు రాగానే అడిగే ప్రశ్న ఒకటుంది. ఆఫీసులో ప్రతివాళ్లూ శనివారం బకెట్ పట్టుకుని అడవికి ఎందుకు పోతున్నారు అని. పువొలుక్క కోసం. ఇంగ్లీషులో లింగన్‌బెర్రీ, స్వీడన్‌లో లింగన్. జానెడు ఎత్తు పొద, బఠాణీ గింజంత ఎర్రటి పండు. పేరు నోరు తిరగకపోతే పులుపును తలుచుకోండి, మొదటి అక్షరం అదే వస్తుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను, తర్వాత చెప్పేవన్నీ దాన్ని పట్టుకునే ఉంటాయి. దీన్ని పండు అనుకుని వెళ్లకండి. స్ట్రాబెర్రీలా నోట్లో వేసుకుంటే మొహం చిట్లిస్తారు, ఇంటికొచ్చి బకెట్ మూల పెడతారు. దీన్ని వాక్కాయ అనుకోండి. పులుపు, వెనకాల కొంచెం వగరు, చివర్న కాస్త చేదు. అంటే వంటింట్లో దీని స్థానం చింతపండు పక్కన. అలా అనుకున్న ఇంట్లో పది కిలోలు తెచ్చినా సంక్రాంతికి మిగలవు.

ఎప్పుడు వెళ్లాలి

దక్షిణ ఫిన్లాండ్‌లో ఆగస్టు చివర్లో ఎరుపెక్కడం మొదలవుతుంది. తొందరపడకండి. మేం మొదటి ఏడాది ఆగస్టు 20 ప్రాంతంలోనే వెళ్లిపోయాం. పైనుంచి చూస్తే ఎర్రగానే ఉన్నాయి, తిప్పి చూస్తే అడుగు తెల్లగా ఉంది. మామిడికాయల్లా ఇంట్లో మగ్గబెడదామనుకున్నాం. ఇవి అలా మగ్గే రకం కాదు. సెప్టెంబరు రెండో వారం నుంచి నెలాఖరు దాకా మంచి రోజులు. పండు అన్నివైపులా ముదురు ఎరుపు తిరిగి ఉండాలి, వేలితో నొక్కితే గట్టిగానే ఉండాలి. గట్టిగా మంచు పడ్డాక పళ్లు మెత్తబడతాయి, అప్పుడు ఏరితే చేతిలోనే చితుకుతాయి.

అన్ని ఏళ్లూ ఒకేలా కాయదు. జూన్‌లో తెల్లటి గంటల్లాంటి పూలు పూస్తుంది, ఆ టైంలో రాత్రి మంచు కొడితే ఆ ఏడు కాపు పోయినట్టే. తుమ్మెదలు తిరగకుండా వారం రోజులు వాన పట్టినా అంతే. కాబట్టి పోయినేడు దొరికిన చోటే మళ్లీ దొరుకుతుందని గ్యారంటీ లేదు.

వాన వెలిసిన వెంటనే వెళ్లకండి. తడిసిన పండుకి ప్రతి ఆకూ అంటుకుంటుంది. ఆ బాధేమిటో శుభ్రం చేసే దగ్గర తెలుస్తుంది.

ఎవరి అడవి, ఎవరి అనుమతి

మనకి మొదట వచ్చే టెన్షన్ ఇదే: వేరేవాళ్ల అడవిలోకి వెళ్లి పళ్లు ఏరితే ఎవరైనా అరుస్తారేమో అని. అరవరు. ఫిన్లాండ్‌లో యొకైసెన్‌ఓయికెఉస్ అని ఉంది, అంటే అందరికీ ఉన్న హక్కు. ఆ అడవి ప్రైవేటు మనిషిదైనా సరే, మీరు నడవచ్చు, అడవిపళ్లూ పుట్టగొడుగులూ ఏరుకోవచ్చు. పౌరసత్వంతో పని లేదు. ఏరిన పళ్లు అమ్ముకున్నా, మామూలుగా ఆ డబ్బుకి ఆదాయపు పన్ను పడదు. స్వీడన్, నార్వేల్లోనూ ఇలాంటి హక్కే ఉంది. స్వీడన్ అయితే 1994లో దాన్ని రాజ్యాంగంలోనే రాసుకుంది.

హద్దులు మాత్రం ఉన్నాయి. ఇంటి ముంగిట్లోకి, తోటలోకి, పంట ఉన్న పొలంలోకి వెళ్లకూడదు. కారు రోడ్డు దిగి అడవిలోకి తోలకూడదు. కొమ్మలు విరవకూడదు, నాచు పీక్కోకూడదు, స్థలం యజమానిని అడక్కుండా నిప్పు పెట్టకూడదు. చాలా జాతీయ పార్కుల్లో కూడా పళ్లు ఏరుకోనిస్తారు, హెల్సింకి పక్కన నూక్సియో అలాంటిదే. పార్కు బోర్డు మీద ఏమన్నా నిషేధం ఉంటే చూసుకోండి చాలు.

ఇంకొకటి చట్టంలో లేదు గానీ పాటించాలి. ఎంత దగ్గరి స్నేహితుడైనా సరే, ఫిన్నిష్ మనిషిని "మీరెక్కడ ఏరతారు?" అని అడక్కండి. నా పక్కసీటాయన తన జీతం ఎంతో చెప్పాడు, విడాకుల సంగతి చెప్పాడు, పళ్ల చోటు మాత్రం "అదిగో, ఉత్తరం వైపు" అని ఊరుకున్నాడు.

ఎక్కడ వెతకాలి

పొద టండ్రాలోనూ ఉంటుంది, చిత్తడి నేలల్లోని మెట్ట దిబ్బల మీదా ఉంటుంది, లాప్‌లాండ్‌లో చెట్లు ఆగిపోయిన కొండల పైన అరచేతి ఎత్తున పాకుతుంది. కానీ బకెట్ నిండాలంటే పొడి నేల పైన్ అడవికి వెళ్లండి. కింద ఇసుక, చెట్ల మధ్య ఎడం, నేల మీద ఎండ మచ్చలు పడుతూ ఉండాలి. చీకటిగా ఉన్న స్ప్రూస్ అడవిలో పొదలు దట్టంగా కనిపిస్తాయి, ఆకులే ఉంటాయి, పండు ఉండదు. కొన్నేళ్ల కిందట చెట్లు నరికేసి వదిలేసిన ఖాళీలుంటాయి, మోడుల చుట్టూ చూడండి. ఎండ బాగా తగిలి అక్కడ గుత్తులు గుత్తులుగా కాస్తుంది.

రద్దీ రోడ్డు పక్కన, పాత ఫ్యాక్టరీల పక్కన ఏరొద్దు.

ముందు ఆకు చూడండి, తర్వాతే పండు

ఎర్రగా కనిపించిన ప్రతిదీ పువొలుక్క కాదు. గుర్తుపట్టడానికి పండు కంటే ఆకు నమ్మకమైనది, ఎందుకంటే చలికాలం మంచు కింద కూడా ఆకు పచ్చగానే ఉంటుంది. ఒక ఆకు తుంచి చూడండి. చిన్న వేలి గోరంత, దళసరిగా, పైన నున్నగా మెరుస్తూ ఉంటుంది. అంచులు కొంచెం కిందికి ముడుచుకుని ఉంటాయి. తిరగేయండి. కింద పాలిపోయిన ఆకుపచ్చ మీద మిరియప్పొడి చల్లినట్టు నల్లటి చుక్కలుంటాయి. ఆ చుక్కలుంటే పువొలుక్కే.

దీనికి బాగా దగ్గర పోలిక ఉన్నది సియాన్‌పువొలుక్క, అంటే పంది పువొలుక్క. ఇసుక మీద, బండల మీద చాపలా పరుచుకుంటుంది. ఆకు కింద చుక్కలుండవు, వల అల్లినట్టు ఈనెలుంటాయి, అంచు ముడుచుకోదు. పండు చితిపితే రసం రాదు, పిండి పిండిగా ఉంటుంది. విషం కాదు గానీ దండగ.

విషమైనవి వేరే ఉన్నాయి. కియెలో అని ఫిన్లాండ్ జాతీయ పుష్పం. వసంతంలో తెల్లగా ముద్దొస్తుంది, ఆకు నుంచి పండు దాకా అంతా విషమే. పళ్లు నారింజ కలిసిన ఎరుపు, ఒకే కాడకి వేలాడతాయి, వెడల్పాటి పొడుగాటి ఆకులు పక్కనే ఉంటాయి. న్యాసియా అనే ఇంకో పొదకి ఎర్రటి పళ్లు కాండానికే అతుక్కుని కాస్తాయి, ఇది మరీ ప్రమాదం. లెహ్తోకూసమా పొదకి జంటజంటగా ఎర్రటి పళ్లు, అవీ తినకూడదు. ఇవేవీ జానెడు ఎత్తున, దళసరి గోరంత ఆకులతో ఉండవు. పిల్లల్ని తీసుకెళ్తే మాత్రం "ఆకు నాకు చూపించాకే ఏరాలి" అని ముందే చెప్పండి.

చిత్తడిలో నాచు మీద దారంలాంటి తీగకి ఎర్రటి పళ్లు కనిపిస్తే అవి కర్పలో, అంటే క్రాన్‌బెర్రీ. అవి అక్టోబరులో ఏరుకోవచ్చు, పులుపు ఇంకా ఎక్కువ. కింద చెప్పే వంటలన్నిటికీ అవి కూడా పనికొస్తాయి.

సామాన్లు

సూపర్‌మార్కెట్లో పొయిమురి అని దొరుకుతుంది: పెద్ద చేటగరిట లాంటి డబ్బా, ముందువైపు దువ్వెన పళ్లు, పైన పిడి. చవకలో దొరికేదే చాలు. మూత ఉన్న పది లీటర్ల బకెట్ ఒకటి, అందులోకి వంపుకోవడానికి చిన్న డబ్బా ఒకటి. మోకాళ్ల కిందిదాకా రబ్బరు బూట్లు. లేత రంగు ప్యాంటు, దాన్ని సాక్సులోకి దోపుకోండి. చూడ్డానికి బాగోదు, పర్లేదు. పున్కి అనే పేలులాంటి పురుగు గడ్డి మీంచి కాలెక్కి రక్తం పీలుస్తుంది, దాంతో లైమ్ జబ్బు, మెదడువాపు వచ్చే అవకాశం ఉంది. లేత రంగు మీదైతే పాకుతున్నప్పుడే కనిపిస్తుంది. మెదడువాపుకి టీకా ఉంది, ఏటా అడవికి వెళ్లేవాళ్లు హెల్త్ సెంటర్లో అడగండి. హిర్వికార్పానెన్ అని ఇంకో ఈగ ఉంది, జుట్టులో దూరి రెక్కలు రాల్చేసుకుని పాకుతుంది. ప్రాణానికేం కాదు, చిరాకు. టోపీ పెట్టుకోండి.

శరత్కాలం మూస్ జింకల వేట కాలం కూడా. నారింజ రంగు వెస్ట్ వేసుకోవడం మరిచిపోకండి.

అన్నిటికంటే ముఖ్యం ఫోను. కారు ఆపిన చోటు మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి, పవర్ బ్యాంక్ ఉంచుకోండి. ఈ దేశపు అత్యవసర సర్వీసు వాళ్ల 112 సుఓమి యాప్ వేసుకుని ఉంటే, దాంట్లోంచి కాల్ చేసినప్పుడు మీరున్న చోటు వాళ్లకి కనిపిస్తుంది. ఇదంతా చాదస్తం అనిపిస్తుంది. పళ్లు ఏరేవాడు తలెత్తడు కదా. ఎర్రటి గుత్తి కనిపిస్తే అటు రెండడుగులు, ఇంకోటి కనిపిస్తే ఇటు నాలుగడుగులు. గంట తర్వాత నేను తలెత్తి చూస్తే అన్నివైపులా ఒకే చెట్టు, ఒకే బండ. ఎండ కూడా లేదు. రోడ్డు మీదికి వచ్చేసరికి కారుకి మూడు కిలోమీటర్ల అవతల తేలాను, చేతిలో నిండు బకెట్‌తో.

ఏరడం

పొయిమురి పళ్లని పొద మొదట్లోకి, నేలకి ఆనించకుండా దూర్చండి. పైకి లాగొద్దు. ముందు వెనక్కి కొంచెం ఊపుతూ, మణికట్టు తిప్పుతూ పైకి లేపండి, దువ్వినట్టు. చిక్కుపడ్డ జడ దువ్వేటప్పుడు ఎంత నెమ్మదిగా దువ్వుతామో అంతే. బలం పెడితే ఆకులూ రెమ్మలూ ఊడొస్తాయి, వచ్చే ఏటి మొగ్గలు కూడా వాటితోపాటే పోతాయి. పళ్లు బాగా గుత్తులుగా ఉన్న చోట చేత్తో పాలు పిండినట్టు దూసేయండి, ఆకు రాదు. నేనైతే సగం చేత్తోనే ఏరతాను.

లీటరుకి సుమారు 600 గ్రాములు తూగుతాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు రెండు మూడు లీటర్లతో ఇంటికొచ్చేయడం మంచిది. నడుం గురించి కాదు చెప్పేది, తర్వాతి పని గురించి.

శుభ్రం చేయడం: అసలు కష్టం ఇక్కడుంది

ఆకులు, పుల్లలు, పైన్ సూదులు, ఒకటో రెండో చీమలు, వాటి మధ్యలో పళ్లు. ఫిన్నిష్‌వాళ్లు వాలుగా పెట్టిన తీగల జల్లెడ మీంచి దొర్లిస్తారు. మేం రెండేళ్లు ఒక్కొక్కటీ చేత్తో ఏరాం, టీవీ ముందు కూర్చుని, రాత్రి ఒంటిగంట దాకా. మూడో ఏడు అమ్మ వచ్చింది. బకెట్ చూసి, "చేట లేదా మీ ఇంట్లో?" అంది. లేదు. ఓవెన్‌లో పెట్టే వెడల్పాటి ట్రే తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది. గాలి వాటం చూసుకుని నిలబడి రెండు దోసిళ్ల పళ్లు పోసుకుని బియ్యం చెరిగినట్టు చెరిగింది. ఎండుటాకులూ సూదులూ ఎగిరిపోయాయి. పళ్లు గల్లుమంటూ మళ్లీ ట్రేలోకే పడ్డాయి. ఇరవై నిమిషాల్లో ఆరు లీటర్లు. పక్క బాల్కనీ ఆవిడ కాఫీ కప్పు పట్టుకుని ఆఖరుదాకా చూసింది.

చెరగడం రానివాళ్లకి ఇంకో దారి ఉంది. డైనింగ్ టేబుల్‌కి ఒకవైపు కాళ్ల కింద రెండు పుస్తకాలు పెట్టండి. టేబుల్ మీద ముతక టర్కీ తువ్వాలు పరిచి, ఎత్తు వైపు నుంచి గుప్పెడు గుప్పెడు వదలండి. గుండ్రటివి దొర్లి కింద పెట్టిన గిన్నెలో పడతాయి. ఆకులు తువ్వాలు నూలుకి పట్టుకుని ఆగిపోతాయి. మెత్తబడ్డ పళ్లు కూడా దొర్లవు, అవి ఎలాగూ పారేయాల్సినవే. పళ్లు పొడిగా ఉంటేనే ఇవన్నీ పని చేస్తాయి, వాన రోజు వద్దన్నది అందుకే.

ఈ దశలో కడగకండి. వాడేటప్పుడు కడుక్కోవచ్చు.

నిలవ చేయడం

ఇది మహా సుళువు, ఎందుకంటే సగం పని పండే చేసుకుంటుంది. పువొలుక్కలో బెంజోయిక్ ఆమ్లం సహజంగానే ఉంటుంది. ఇండియాలో కొనే స్క్వాష్ సీసాల మీద, కొన్ని పచ్చళ్ల సీసాల మీద E211 అని చదివే ఉంటారు, సోడియం బెంజోయేట్. అది దీని ఉప్పే. పులుపు ఉన్న చోట అది బూజునీ పులియడాన్నీ అడ్డుకుంటుంది. దీనికి పులుపూ ఉంది, మందూ ఉంది. అందుకే ఫ్రిజ్‌లు లేని కాలంలో ఇక్కడివాళ్లు శుభ్రమైన జాడీలో పళ్లు నింపి, కాచి చల్లార్చిన నీళ్లు పోసి, చల్లటి కొట్టులో పెడితే చలికాలమంతా ఉండేవి. ఉప్పు లేదు, నూనె లేదు. ఆవకాయ పెట్టే జాతికి ఇది అన్యాయంలా అనిపిస్తుంది.

మీరు చేయాల్సింది: పొడి పళ్లని లీటరు సంచుల్లో పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. ముద్ద కట్టవు, గులకరాళ్లలా విడివిడిగా ఉంటాయి, కావలసినన్ని ఒంపుకోవచ్చు. ఇంకో కిలోకి 400 గ్రాముల పంచదార వేసి, పప్పుగుత్తితో సగం చితిపి, పొయ్యి ఎక్కించకుండా పంచదార కరిగేదాకా రోజులో నాలుగైదుసార్లు కలపండి. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే నెలల తరబడి ఉంటుంది. పెసరట్టులోకి బాగుంటుంది. నా మాట నమ్మండి.

వంట

పచ్చడి: రెండు కప్పుల పళ్లు కడిగి తుడవండి. రెండు చెంచాల నూనెలో చెంచాడు మినప్పప్పు, అర చెంచా ఆవాలు, పావు చెంచా మెంతులు, పది ఎండుమిర్చి వేయించి తీసేయండి. అదే మూకుట్లో పళ్లు వేసి మూత పెట్టండి. టపటపమని పేలడం వినిపిస్తుంది, నాలుగైదు నిమిషాల్లో గుజ్జవుతుంది. చల్లారాక పోపుతో కలిపి, ఉప్పు వేసి, మరీ మెత్తగా కాకుండా తిప్పండి. కొసరుగా బెల్లం వేయాలి, చేదు అణగడానికి, నిమ్మకాయంత చాలు. పైన ఇంగువ, కరివేపాకు తాలింపు. మర్నాడు చూస్తే జెల్లీలా గట్టిపడి ఉంటుంది. కంగారు పడకండి, ఈ పండులో పెక్టిన్ ఎక్కువ. రెండు చెంచాల వేడినీళ్లతో కలిపితే జారుతుంది.

పప్పు: వాక్కాయ పప్పు ఎలాగో అలాగే, ఒక్క జాగ్రత్తతో. కందిపప్పు ముందు విడిగా మెత్తగా ఉడికించుకోండి. నేను మొదటిసారి రెండూ కలిపి కుక్కర్‌లో పెట్టేశాను. ఎనిమిది విజిళ్లకి కూడా పప్పు పలుకు పలుకుగానే ఉండిపోయింది, పులుపు దాన్ని ఉడకనివ్వలేదు. కప్పు పప్పుకి అర కప్పు పళ్లు, పచ్చిమిర్చి, పసుపు వేసి చివర్లో ఏడెనిమిది నిమిషాలు ఉడికిస్తే సరిపోతుంది. రంగు ఇటుకపొడిలా వస్తుంది, రుచి చూశాక ఎవరూ రంగు గురించి మాట్లాడరు.

ఇక విస్పిపూరో. ఇది ఇక్కడివాళ్ల వంటే, కానీ రవ్వ ఉన్నందుకు మనకి చుట్టరికం కలుస్తుంది. లీటరు నీళ్లలో పావుకిలో పళ్లు పది నిమిషాలు మరిగించండి. కావాలంటే వడగట్టండి, తొక్కలు ఉన్నా నాకు ఇష్టమే. 125 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు వేసి, 100 గ్రాముల బొంబాయి రవ్వ సన్నగా జారవిడుస్తూ ఉండ కట్టకుండా తిప్పండి. ఇంకో పది నిమిషాలు సన్నసెగన ఉడికితే ముదురెరుపు జావ అవుతుంది. ఇక్కడిదాకా కేసరి పద్ధతే. ఇప్పుడు గిన్నెని చన్నీళ్ల తొట్టిలో పెట్టి పూర్తిగా చల్లారనివ్వండి. చల్లారాక కేకులకి వాడే బీటర్‌తో పది నిమిషాలు గిలకొట్టాలి. కళ్లముందే ఎరుపు పాలిపోయి గులాబీ రంగు తిరుగుతుంది, జావ నురగలా పొంగి రెండింతలవుతుంది. వేడిగా ఉండగానే గిలకొడితే పొంగదు, అంతే తేడా. చల్లటి పాలు పోసుకుని తింటారు. మా పిల్లలు వారానికి రెండుసార్లు అడుగుతారు.

హైదరాబాద్ నుంచి అడిగేవాళ్లకి

ఈ పొద విత్తనాలు పంపమంటారు. పంపినా అక్కడ బతకదు. దానికి పుల్లటి నేల కావాలి, నెలల తరబడి చలి కావాలి. రుచి చూడాలంటే హైటెక్ సిటీలో 2018 ఆగస్టు 9న తెరిచిన ఐకియాలో లింగన్‌బెర్రీ జామ్ సీసా దొరుకుతుంది. అది తియ్యన, పచ్చడికి పనికిరాదు. చపాతీకి రాసుకోండి, లేదా కారం వడల పక్కన పెట్టుకోండి. పచ్చడే కావాలంటే శ్రావణ భాద్రపదాల్లో రైతుబజారుకి వెళ్లి వాక్కాయలు కొనుక్కోండి, గింజలు తీసేసి పైన రాసిన కొలతల్తోనే చేయండి. మెంతులు మాత్రం కాస్త తగ్గించాలి, వాక్కాయలో ఇంత చేదుండదు.